ఏడు గంటల నాణెం

ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం పది గంటలకు, సైకిల్ రిపేరు షాపు మీది గదిలో నాణేల సంఘం కార్డు చదువుతుంది. పద్ధతి ఇది. ఒకరి నాణెం ఇంకొకరి చేతిలో పెడతారు. సొంతదారు ఆ నాణెం వివరాలు రాసిన తన కార్డు పైకి చదవాలి. పట్టుకున్నవాళ్ళు ఒక్కో వాక్యానికీ "ఉంది" అనో "లేదు" అనో చెప్పాలి. అన్నీ "ఉంది" అయితేనే ఆ నాణెం సంఘం ఏటా వేసే పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఆ ఆదివారం చదివే వంతు ఆమెది. సంఘంలో ఆమెను భూతద్దం అంటారు. చాటుగా కాదు, ముఖం మీదే అంటారు. అన్న నడిపే ల్యాబ్‌లో ఆమె పళ్ళ సెట్లు తయారుచేస్తుంది. ఆమె నాణెం ఆ రోజు అధ్యక్షుడి చేతిలో ఉంది. అధ్యక్షుడు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. వాళ్ళిద్దరూ కాక గదిలో పదకొండు మంది ఉన్నారు.

"వెండి," అని చదివింది.

"ఉంది."

"బరువు మూడు పాయింట్ ఒకటి రెండు గ్రాములు."

అధ్యక్షుడు నాణెం కాటా మీద పెట్టాడు. "మూడు పాయింట్ ఒకటి సున్నా. అటూ ఇటూ. ఉంది."

"ముందు వైపు స్త్రీ తల. కుడికి చూస్తోంది. జడ మెడ మీదుగా కిందికి."

"ఉంది."

"అంచున మిగిలిన అక్షరాలు మూడు. ఐ, ఎన్, ఏ."

"ఉంది."

"వెనక వైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ. ఎడమకు చూస్తోంది. చేతిలో పళ్ళెం."

"ఉంది."

"తిప్పితే ఏడు గంటలు."

అధ్యక్షుడు నాణేన్ని తిప్పాడు. మళ్ళీ మొదటికి తెచ్చి ఇంకోసారి తిప్పాడు.

"లేదు," అన్నాడు. "పన్నెండు."

ఆమెది రోమన్ నాణెం. ఆ నాణేలు సుత్తి దెబ్బతో చేసినవి. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో వెండి బిళ్ళ. పై అచ్చు పనివాడి చేతిలో ఉండేది. అది ఏ కోణంలో ఉంటే వెనక బొమ్మ ఆ కోణంలో పడేది. అందుకని నాణేలు చూసేవాళ్ళు ముందు బొమ్మను నిటారుగా పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పుతారు. వెనక బొమ్మ తల గడియారంలో ఏ అంకె వైపు ఉందో రాసుకుంటారు. నిటారుగా ఉంటే పన్నెండు, తలకిందులుగా ఉంటే ఆరు. నాణెం ఎంత అరిగినా ఆ అంకె మారదు.

ఆమె లేచి వచ్చి నాణెం తీసుకుంది. తిప్పింది. కుర్చీలో స్త్రీ నిటారుగా కూర్చుని ఉంది.

ఆరేళ్ళ కిందట, పాత పుస్తకాల కొట్టువాడు తూకానికి అమ్మిన డబ్బాలో ఈ నాణెం ఆమెకు దొరికింది. బొటనవేలి గోరంత ఉంటుంది. ముఖం సగం అరిగిపోయింది. మొదట ఆమె కార్డు మీద ఫౌస్టీనా అనే రోమన్ రాణి పేరు రాసుకుంది, ఎందుకంటే ఆ పేరు ఆ మూడు అక్షరాలతోనే ముగుస్తుంది. ఆ పేరుతోనే మూడేళ్ళు డబ్బాలో ఉంచింది. ఒక మధ్యాహ్నం ల్యాబ్ కిటికీ దగ్గర వెలుతురు పక్క నుంచి పడుతుంటే చూసింది. తల మీద ఫౌస్టీనాకుండే ముడి కాదు, మెడ మీద జడ. ఇంకో మూడేళ్ళు పుస్తకాల్లో బొమ్మలతో పోల్చి, పాత కార్డు చింపి కొత్తది రాసింది. సబీనా, హేడ్రియన్ చక్రవర్తి భార్య. ఆమె దగ్గరున్న నూట నాలుగు నాణేల్లో ఎవరూ చెప్పకుండా, ఎవరినీ అడగకుండా తేల్చింది ఇదొక్కటే.

"ఇది నాది కాదు," అంది.

"కార్డులో తప్పు రాసుంటావమ్మా," అన్నాడు అధ్యక్షుడు.

"ఏడుకీ పన్నెండుకీ తేడా తెలీకుండానే ఇన్నేళ్ళూ రాస్తున్నానా?"

"గడియారం ఆగిపోయిందేమో చూసుకో, భూతద్దం," అన్నాడు మందుల షాపాయన. ఇద్దరు నవ్వారు.

"కాటా ఒప్పుకుంది కదా," అన్నాడు అధ్యక్షుడు. "ముప్ఫై రెండేళ్ళు కాటాలు పరీక్ష చేసినవాణ్ణి. కాటా అబద్ధం చెప్పదు."

"కాటా చెప్పదు. దాని వెనక కూర్చున్నవాళ్ళ మాటేంటి?"

నవ్వు ఆగింది.

అంతకు ముందు వారం సంఘం లైబ్రరీ హాల్లో మూడు రోజులు ప్రదర్శన పెట్టింది. నాణేలన్నీ అధ్యక్షుడి కస్టడీలో ఉన్నాయి. చివరి రోజు, ఆదివారం సాయంత్రం, ఆమె ఒక పై పళ్ళ సెట్టు పనిలో ఉంది. మర్నాడు ఉదయానికి అది వెళ్ళాలి. నాణెం తెచ్చే పని అన్న చూసుకుంటానన్నాడు. ఆదివారం ఒట్టి చేతులతో వచ్చి, అధ్యక్షుడు ఇంకా రిజిస్టరులో ఎక్కించాలంటున్నాడని చెప్పాడు. మంగళవారం తెచ్చి ఇచ్చాడు. ఆమె డబ్బాలో పెట్టి మూత వేసింది.

"రెండు రోజులు మీ దగ్గర అట్టిపెట్టుకున్నారు," అంది. "ఎందుకు?"

"నేనా? ఆదివారం సాయంత్రమే మీ అన్న చేతిలో పెట్టాను."

"మంగళవారం ఇచ్చారు."

"ఎవరు చెప్పారు?"

"మా అన్న చెప్పాడు. అబద్ధం చెప్పాల్సిన పని మా అన్నకేంటి?"

"నాకేంటి?"

అధ్యక్షుడి ముందు నల్ల అట్ట రిజిస్టరు ఉంది. ఇచ్చింది, పుచ్చుకుంది అన్నీ అందులో సంతకాలతో ఉంటాయని అందరికీ తెలుసు. "ఒకసారి చూపించెయ్యండి సార్, గొడవ వదిలిపోతుంది," అన్నాడు మందుల షాపాయన. అధ్యక్షుడు దాని మీద చెయ్యి పెట్టాడు.

"జీవితమంతా నేను ఊళ్ళోవాళ్ళ తూకాలు చూశాను. నా తూకం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూపించుకునే ఖర్మ నాకు పట్టలేదు."

"చూపించడానికి ముఖం చెల్లనివాళ్ళే అలా అంటారు."

"ఏమన్నావు?"

"దొంగ అన్నాను. గట్టిగా అనమంటారా?"

అధ్యక్షుడు కాటా స్విచ్చి కట్టేశాడు. పళ్ళెం తీసి, గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టాడు. గొళ్ళెం మూడోసారికి గాని పడలేదు. ఆమె అది చూసింది. దొంగతనం బయటపడ్డందుకని అనుకుంది.

అక్కడి నుంచి నేరుగా ల్యాబ్‌కి వెళ్ళింది. ఆదివారం కాబట్టి మూసి ఉంది. తన తాళంతో తీసింది. కిటికీ పక్క బల్ల ఆమెది. ఏ నాణేనికైనా కార్డు రాసే ముందు రెండు వైపులకూ ప్లాస్టర్ అచ్చు తీసుకోవడం ఆమె అలవాటు. పళ్ళకు వాడే పొడే, ఆ గిన్నే. సొరుగులోంచి సబీనా అచ్చులు తీసి, నాణెం పక్కన పెట్టి, కటకం కింద చూసింది.

చెవి కింద నొక్కు ఉంది. కుర్చీ కాలి దగ్గర గీత ఉంది. అచ్చులో ఎన్ని గీతలున్నాయో నాణెం మీదా అన్నే ఉన్నాయి. రెండు వేల ఏళ్ళలో రెండు నాణేలు ఒకే చోట, ఒకేలా గీసుకుపోవు. అంటే ఇది అలాంటిదే ఇంకో నాణెం కాదు. తన నాణెం నుంచి తీసిన పోత.

అంచు తిప్పి చూసింది. ఒక చోట ఆవగింజంత మేర నున్నగా ఉంది. పోత పోసినప్పుడు లోహం దిగిన కాడను కోసి, రబ్బరు చక్రం పెట్టి అరగదీసిన చోటు అది. రోజుకు పది పన్నెండు సార్లు ఆమె చేసే పని. సూది మొనతో జడకీ మెడకీ మధ్య సందులో గీకింది. గులాబీ రంగు పొడి ఒక రేణువు వచ్చింది. వేళ్ళ మధ్య నలిపింది. ఆ పొడి డబ్బా చెయ్యి చాపితే అందే అలమరలో ఉంది. పోత అచ్చులు దానితోనే చేస్తారు. ఆ ల్యాబ్‌లో పోత పోసేవాళ్ళు ఇద్దరు. ఒకరు ఆమె.

పన్నెండు గంటలు ఎందుకు వచ్చాయో అప్పుడు తెలిసింది. అన్న బల్ల ఎదురుగా గోడకు ఒక కాగితం అంటించి ఉంది. అన్న చేతిరాత: మధ్యగీత చూసుకో. పై దవడ మధ్యగీత, కింది దవడ మధ్యగీత ఒకే వరసలో ఉంటే తప్ప అన్న ఏ సెట్టునీ గడప దాటనివ్వడు. ఆమెకు పని నేర్పింది అతనే. మొదటి ఏడాది ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో లెక్క లేదు. నాణెం రెండు వైపులకూ వేరువేరుగా అచ్చు తీశాడు. రెండు మైనపు బిళ్ళలు చేశాడు. వీపూ వీపూ అంటించేటప్పుడు ముందు బొమ్మ తలకు సరిగ్గా వెనక బొమ్మ తల చేర్చాడు. నాణేలు చూసేవాడెవడూ ఆ పని చెయ్యడు. పళ్ళు చేసేవాడు చేస్తాడు.

ఆమె స్టూలును కాలితో తన్నింది. అది వెళ్ళి పాలిష్ యంత్రానికి తగిలింది. గంట కిందట ఒక ముసలాయన్ని పదకొండు మంది ముందు దొంగ అని వచ్చింది.

అన్న ఇల్లు ల్యాబ్ వెనకే. పెరటి తలుపు తీసే ఉంది. అన్న పేపరు చదువుతున్నాడు. వదిన ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"ఎవరు పోశారిది?" అని నాణెం పేపరు మీద పడేసింది.

అన్న నాణేన్ని చూడలేదు. ఆమె ముఖం చూశాడు. "ఏంటది?"

"నన్నడుగుతావేంటి? మధ్యగీత చూసుకో."

అన్న పేపరు మడిచాడు. మళ్ళీ మడిచాడు. ఇంక మడవడానికి లేనంత చిన్నదయ్యాక పక్కన పెట్టాడు.

"డాక్టరుగారికిచ్చాను," అన్నాడు.

ల్యాబ్‌కి సగానికి పైగా పని ఆ పళ్ళ డాక్టరు దగ్గర నుంచే వస్తుంది.

"ప్రదర్శనకి వచ్చాడాయన. నీ నాణెం ముందు పావుగంట నిలబడ్డాడే. నేను పక్కనే ఉన్నాను. ఆ పక్క వీధిలో కొత్త ల్యాబ్ పెట్టారు, నీకూ తెలుసు."

"అడిగాడా?"

"పెద్దవాళ్ళు నోరు తెరిచి అడుగుతారా? మనమే తెలుసుకోవాలి."

"నన్నడగొచ్చుగా."

"అడిగితే ఇస్తావా?"

"ఇవ్వను."

"అందుకే అడగలేదు."

వదిన చొక్కా దులిపింది. "ఆ డబ్బా నిండా అవే కదమ్మా. ఒక్క అరిగిపోయిన బిళ్ళ కోసం అన్న మీదికి వస్తావా?"

"వదినా, నీ మెళ్ళో గొలుసు తీసి డాక్టరుగారికిచ్చి, నీకు ఇత్తడిది పోసిస్తే వేసుకుంటావా?"

వదిన చెయ్యి మెడ దగ్గరకు వెళ్ళింది. గొలుసు పైకెత్తి వెలుతురులో చూసుకుంది. తర్వాత మొగుడి వైపు చూసింది. "ఇంకా ఏమేం పోశారండీ?"

"నువ్వూరుకో," అన్నాడు అన్న. చెల్లెలి వైపు తిరిగాడు. "నీకేం తక్కువ చేశాను? ఇటు చూడు. గీత గీతా దింపాను. లోహం ఎంత కుంచించుకుంటుందో చూసి అచ్చు అంత పెంచాను. తూకం కూడా సరిపెట్టాను. రెండు రోజులు దీని మీదే కూర్చున్నాను. నాలా చేసేవాణ్ణి ఇంకొకణ్ణి చూపించు."

ఆ గొంతులో సిగ్గు లేదు. పని బాగా కుదిరినప్పుడు అన్న మాట్లాడే గొంతే అది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆ రెండు రోజులూ ముసలాయన మీదికి తోశావు. నేను వెళ్ళి ఆయన్ని దొంగన్నాను."

"నిన్నెవరనమన్నారు?"

"నీ మాట నమ్మాను. అదే నా తప్పు. ఆయన్నడిగాను, మా అన్నకి అబద్ధం చెప్పాల్సిన పనేంటి అని. పదకొండు మంది విన్నారు."

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆమె డాక్టరు క్లినిక్‌కి వెళ్ళింది. బయటి గదిలో నలుగురు దవడలు పట్టుకుని కూర్చున్నారు. గోడ మీద, పళ్ళు తోముకునే పద్ధతి చూపించే బొమ్మ పక్కన, అరచేతి వెడల్పు ఫ్రేము వేలాడుతోంది. లోపల మఖమల్ గుడ్డ, దాని మీద నాణెం. కింద టైపు చేసిన చీటీ: ప్రాచీన రోమన్ రాజు.

ఆమె ఫ్రేము మేకు నుంచి తీసింది. రిసెప్షన్‌లో అమ్మాయి "మేడమ్, మేడమ్" అంటూ లేచింది. డాక్టరు చేతి తొడుగులతోనే బయటికి వచ్చాడు.

"ఇది నాది," అంది. "మా అన్న నాకు తెలీకుండా తెచ్చాడు."

"మీదా? ఎక్కడో డబ్బాలో పడి ఉందన్నాడమ్మా. వద్దన్నాను కూడా. బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు."

"ప్రదర్శనలో మీరు దీని ముందు పావుగంట నిలబడ్డారట."

డాక్టరు కాసేపు ఆలోచించాడు. "ఫ్యాను," అన్నాడు. "ఆ హాలు మొత్తానికి తిరిగే ఫ్యాను అదొక్కటే."

నలుగురు రోగుల్లో ఒకాయన నవ్వబోయి దవడ పట్టుకున్నాడు.

"రాజు కాదు," అంది ఆమె. "ఆవిడ రాణి. జడ కనపడటంలా?"

"అరిగిపోయింది కదా. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది. దేంతో అంటించారు?"

డాక్టరు చెప్పాడు. దాన్ని కరిగించే సీసా కూడా తనే తెచ్చిచ్చాడు. ఆమె రిసెప్షన్ బల్ల మీద ఫ్రేము విప్పి, దూదితో జిగురు తడిపి, పావుగంటకు నాణెం వదిలించింది. వెనక వైపు జిగురు చారలున్నాయి. వెండి మీది పాత నలుపు పోలేదు. పట్టుకుని తిప్పింది. ఏడు గంటలు.

"మీ పని మాకు రావడం ఆగిపోతుందా?" అని అడిగింది. అన్న కోసం అడగలేదు, తెలుసుకోవడానికి అడిగింది.

"దీనికీ దానికీ ఏంటి సంబంధం? మీ సెట్లు నోట్లో సరిగ్గా కూర్చుంటాయి, పంపిస్తున్నాను. నాణెం ఇచ్చారనా?"

ఆ మాట ఆమె అన్నకు అదే రోజు చెప్పింది. ఫ్యాను సంగతీ చెప్పింది. అన్న పళ్ళకు మైనం దిద్దుతూనే ఉన్నాడు. తల ఎత్తలేదు. ఆ నెలంతా ఇద్దరూ పని చీటీల మీద రాసుకున్నారు తప్ప మాట్లాడుకోలేదు.

నెలాఖరు శనివారం అన్న ఆమె బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఆమె కార్డు తిరగరాస్తోంది. ప్రతి కార్డులో చివరి గడి ఒకటి ఉంటుంది: ఎవరి చేతుల మీదుగా. నాణెం ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో వరసగా రాయాలి. సొంతదారు పోయినా కార్డు నాణెంతోనే వెళుతుంది. అన్న వంగి చదివాడు.

"పొరపాటున మారిందని రాయవే."

ఆమె రాస్తోంది.

"ప్రదర్శనలో తారుమారయింది, తర్వాత దొరికింది, అంతే. ఎవరి పేరూ చెడదు. ఆ సంఘంలో మందుల షాపాయన ఉన్నాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది."

"ముసలాయన్ని దొంగన్నది మధ్యాహ్నానికే తెలిసింది."

"ఆయన బయటివాడే. నేను నీ అన్నని."

"బయటివాడైతే పడాలా? ఆయన నాకేం చేశాడు? మూడు రోజులు నా నాణెం కాపలా కాశాడు. ఆదివారం భద్రంగా నీ చేతిలో పెట్టాడు. నువ్వు చేశావు, ఆయన పడ్డాడు. జరుగు, వెలుతురుకి అడ్డం."

అన్న జరగలేదు. ఆమె కుర్చీ తిప్పుకుని మిగతాది రాసింది.

ఆదివారం పది గంటలకు గదిలో సంఘం కూడింది. అధ్యక్షుడు కాటా తెచ్చాడు. ఆమె నాణెం ఆయన ముందు పెడితే ముట్టుకోలేదు. "నేను పట్టుకోను," అన్నాడు. మందుల షాపాయన అందుకున్నాడు. ఈసారి హాస్యమాడలేదు.

ఆమె మొదటి నుంచి చదివింది. వెండి, ఉంది. స్త్రీ తల, ఉంది. జడ, ఉంది. మూడు అక్షరాలు, ఉంది. కుర్చీ, పళ్ళెం, ఉంది.

"తిప్పితే ఏడు గంటలు."

మందుల షాపాయన తిప్పాడు. "ఉంది."

"ఎవరి చేతుల మీదుగా. పాత పుస్తకాల కొట్టు నుంచి నేను. నా నుంచి ప్రదర్శనకి అధ్యక్షుడు. ఆయన నుంచి మా అన్న. మా అన్న నుంచి పళ్ళ డాక్టరు, నాకు చెప్పకుండా. ఆయన నుంచి మళ్ళీ నేను. అధ్యక్షుడు ప్రదర్శన ముగిసిన ఆదివారమే నాణెం మా అన్నకి ఇచ్చేశారు. నేను అందరి ముందూ ఆయన్ని దొంగ అన్నాను. అది తప్పు."

అది కూడా కార్డులో ఉన్న వాక్యమే. ఎవరో ఒకరు "ఉంది" అనో "లేదు" అనో అనాలి. మందుల షాపాయన నాణేన్ని చూశాడు, ఆమెను చూశాడు, అధ్యక్షుణ్ణి చూశాడు.

అధ్యక్షుడు రిజిస్టరు తెరిచి, పేజీ తిప్పి, ఆమె వైపు తోశాడు. ఆదివారం తేదీ. దాని ఎదురుగా అన్న సంతకం. పని చీటీల మీద రోజూ చూసే సంతకమే.

"ఉంది," అన్నాడు అధ్యక్షుడు.

ఆమె సంచిలోంచి పోత నాణెం తీసి బల్ల మీద పెట్టింది. అంచున, కాడ కోసిన చోట, పళ్ళు చెక్కే సూదితో "నకలు" అని చెక్కి ఉంది. అధ్యక్షుడు రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి కాటా మీద పెట్టాడు. అసలుది మూడు పాయింట్ ఒకటి రెండు. నకలుది మూడు పాయింట్ ఒకటి సున్నా. అంకెలు చాలాసేపు చూశాడు.

"కాటా ఆ రోజే చెప్పింది," అన్నాడు. "రెండు తక్కువని చెప్పింది. అటూ ఇటూ అన్నది నేను."

ఆమె రెండు నాణేలనూ తన వైపు జరుపుకుంది.

"సర్వీసులో ఎవణ్ణీ అటూ ఇటూ అననివ్వలేదు," అన్నాడు. ఆ కోపం ఎవరి మీదో ఆయనా చెప్పలేదు. రెండు బరువులూ రిజిస్టరులో రాశాడు. కలం మూత పెట్టాడు. తల ఎత్తి గదిలో వాళ్ళను వేలితో లెక్కపెట్టాడు.

"పది మందే ఉన్నారు. ఆ రోజు పదకొండు మంది. స్టాంపులాయన జ్వరంతో రాలేదు."

"వచ్చే నెల ఆయన ముందు మళ్ళీ చదువుతాను."

"చదవాలి," అన్నాడు అధ్యక్షుడు. "మీ అన్న సంగతితో సహా. మొత్తం."

"మొత్తం," అంది ఆమె. కార్డు తీసి కవరులో పెట్టుకుంది.